బెల్లు కొట్టిన ఉరుకుందమ్మ

నేను ఒక రైలు పట్టా ముక్కను. పొడవు మూరెడు. నా మీద బండ్లు నడిచినన్నాళ్లూ పనికోసం ఊళ్లు దాటే జనాన్ని మోశాను. వాళ్లలో పిల్లలు ఎంతమందో నేను ఏనాడూ పట్టించుకోలేదు. అరిగిపోయానని కోసి పారేస్తే, ఒక కమ్మరి చిల్లు పెట్టాడు. ఆదోని దగ్గర ఒక పల్లె బడిలో వరండా దూలానికి వేలాడదీశారు. అప్పటినుంచి నేను బడి బెల్లును. పిల్లలు కదలాలంటే మనుషులు నన్ను కొడతారు.

నాలుగో తరగతి ఉరుకుందమ్మ మాత్రం పిల్లలనే కొట్టేది. కొరికేది. చాలా రోజులు ఏమీ తినకుండా వచ్చేది. నబీరసూల్ సార్ ఒకరోజు ఆమె చేతికి సుత్తి ఇచ్చి, "కొట్టల్లనిపిస్తే దీన్ని కొట్టు పాపా" అన్నారు. ఆనాటినుంచి అందరికంటే ముందు వచ్చేది. దెబ్బలు నాకు పడ్డాయి, తోటిపిల్లలు బతికిపోయారు. మెల్లగా చదవడం కూడా మొదలుపెట్టింది.

అంతలో మిరప కోతలొచ్చాయి. ఏటా ఆ రోజుల్లో సగం ఊరు లారీలెక్కి గుంటూరు వైపు పోతుంది. సార్ ఆమె తల్లి తిక్కమ్మను వరండాలో నిలబెట్టి, పిల్లను హాస్టల్లో వదిలి వెళ్లమని బతిమాలారు.

"నేను కాయ కోస్తాంటే సంటోన్ని ఎవురు ఎత్తుకుంటారు సార్? నువ్వొస్తావా?"

ఎగతాళికి అనలేదు, నిజంగానే అడిగింది.

బయల్దేరే రోజు తెల్లవారుతుండగానే ఉరుకుందమ్మ వచ్చి నన్ను ఆపకుండా కొట్టింది. సార్ లుంగీతోనే పరుగెత్తుకొచ్చారు. ఏమైందని అడిగారు.

"బెల్లు అయిపాయ సార్. బెల్లయినాక ఎవురూ బయటికి పోగూడదని నువ్వే అంటివి గదా."

సార్ గది తాళం తీసి, ఆమెను ముందు వరుసలో కూర్చోబెట్టి, హాజరు పట్టీ తెరిచారు. రోడ్డు మీద లారీ హారన్ మోగుతోంది. చంకలో చంటివాడితో వచ్చిన తిక్కమ్మ, పేర్లు పిలుస్తుండటం చూసి, చెప్పులు విడిచి గడప బయటే నిలబడింది. కూతురిని కేకేయలేదు.

సార్ ఒక్కో పేరూ చదివి, ఖాళీ బెంచీల నుంచి జవాబు వస్తుందన్నట్టు ఆగుతున్నారు. తన పేరు రాగానే ఉరుకుందమ్మ లేచి, "ఉండా సార్" అంది గట్టిగా. తక్కినవి ఇంకా నెమ్మదిగా చదివారు. నిరుడు వలసపోయి తిరిగిరాని పిల్లల పేర్లు, గీత పెట్టి కొట్టేసినవి, అవి కూడా చదివారు.

చివరికి పేర్లు అయిపోయాయి. రోడ్డు మీద హారన్ మాత్రం ఆగలేదు.