లేని వంతెన బరువు

ప్రయోగశాల హాల్లో ఉన్నది ఒక్క కాంక్రీటు స్తంభమే. దాని మీది వంతెన కంప్యూటర్లో ఉంది. వంతెన ఎంత ఊగుతుందో కంప్యూటరు లెక్కగడితే, ఆయిల్ జాకీ స్తంభాన్ని అంతే నెడుతుంది. స్తంభం ఎంత ఎదురుతిరిగిందో ఆ కబురు మళ్లీ కంప్యూటరుకు వెళుతుంది. సెకనుకు వెయ్యిసార్లు ఇదే తంతు.

పరీక్ష కోసం ఉత్తుత్తి భూకంపం మొదలుపెట్టే ముందు ఓ నట్టు వదులైందని మెకానిక్కు లోపలికి దూరాడు. కంప్యూటరు ముందున్న ఇంజనీరుకు అతను స్వయానా అక్క మొగుడు.

"జాకీ ఆపనీ బావా."

"ఆపి మళ్లీ వేడెక్కించాలంటే గంట. రెండు నిమిషాల పనికి ఇంత రాద్ధాంతమా మరదలా?"

స్తంభానికీ ఇనుప చట్రానికీ మధ్య నిలబడి, కాంక్రీటుకు భుజం ఆనించి రెంచి తిప్పాడు. స్తంభం మెల్లగా అతని మీదికి జరిగింది. బెదిరి రెండు చేతులతో నెట్టాడు. ఇంకా జరిగింది. క్షణంలో చట్రానికి అతుక్కుపోయాడు.

"ఆపవే!" గొంతు పీలగా వచ్చింది.

ఆమె చెయ్యి ఎర్ర మీట మీదికి పోయి ఆగిపోయింది. ఆపిన ప్రతిసారీ ఈ జాకీ రెండంగుళాలు ముందుకు ఎగిరి, ఆ తర్వాతే చచ్చుబడుతుంది. అక్కడ అంగుళం కూడా ఖాళీ లేదు.

తెర మీద, స్తంభం మీది తోపును చూపే గీత చూసింది. అతను నెట్టినకొద్దీ గీత కిందికి దిగాలి. పైకి ఎగబాకుతోంది.

పొద్దున కేబులు మార్చారు. మార్చాక స్తంభాన్ని చేత్తో ఒకసారి నెట్టి, గీత ఎటు పోతుందో చూసుకోవాలి. తను చూడకుండానే తనిఖీ కాగితంలో టిక్కు పెట్టేసింది. తీగలు తారుమారయ్యాయి. బావ వద్దని నెడుతుంటే, కంప్యూటరు రమ్మంటున్నాడనుకుంటోంది!

"బావా, నెట్టకు! స్తంభాన్ని నీ మీదికి లాక్కో!"

"చంపుతావా ఏంటే..."

"అక్క మీద ఒట్టు! వాటేసుకుని లాగు!"

తన ఊహ తప్పయితే? అతను కళ్లు మూసుకున్నాడు. స్తంభం చుట్టూ చేతులు వేసి, ఉన్న బలమంతా పెట్టి లాగాడు.

గీత ఆగింది. ఒక్క ఊపిరి కాలం అలాగే నిలబడింది. తర్వాత కిందికి జారింది.

వేలెడు సందు వచ్చింది. బెత్తెడు అయింది. అతను పక్కకు జారి, మోకాళ్ల మీద పాక్కుంటూ బయటపడ్డాడు.

ఆమె పరుగున వెళ్లి అతని పక్కన కూలబడింది. "తప్పు నాదే బావా. కేబులు మార్చాక చూడకుండా టిక్కు పెట్టేశాను."

ఏదో ఒక వేళాకోళం ఆడతాడని ఎదురుచూసింది. అతను పక్కటెముకలు ఒక్కొక్కటిగా తడుముకున్నాడు.

"ఇది మీ అక్కకు నువ్వే చెప్పు," అన్నాడు చివరికి. "నేను చెబితే వేళాకోళమనుకుని నవ్వుతుంది. ఈరోజు ఎవరు నవ్వినా నేను తట్టుకోలేను."