ముద్ర పడిన పుకారు

నేను ఒక రబ్బరు స్టాంపును. అయ్యో, అప్పుడే పేజీ తిప్పేయకండి, నేను మామూలు స్టాంపును కాను! కోర్టు పక్క సందులో నూకరాజు అనే ఆయన నా ముఖం మీద ‘పత్రికా ప్రకటన, మున్సిపల్ కార్యాలయం’ అని అచ్చుపోసి, టేకు పిడి బిగించినప్పుడే నాకు తెలిసిపోయింది, నా జీవితం భలే జోరుగా ఉంటుందని.

ఉంది కూడా! ఆఫీసు మాటను ఊరికి చెప్పే ఉద్యోగం పి.ఆర్.ఓ.ది. మొదటి పి.ఆర్.ఓ. గారు నన్ను సుతారంగా, ఇంకు అంటీ అంటనట్టు వేసేవారు. ఆయన తర్వాత వచ్చిన ముక్తేశ్వరరావు గారు మాత్రం ఠప్‌మని, బల్ల మీది పెన్నులు ఎగిరేలా వేసేవారు. సాయంత్రం నాలుగింటికి ప్రకటన తయారు. విలేకరులు వచ్చి, మిరపకాయ బజ్జీలు తిని, కాగితం పట్టుకెళ్లేవారు. మర్నాడు పేపర్లో వచ్చేది. ఊరికి ఏం తెలియాలన్నా మేం చెప్పాలి, అదీ మర్నాడే! కాగితం పైన, శీర్షిక పక్కనే నన్ను వేయడం ఆయన అలవాటు. “స్టాంపు కనపడిందంటే మిగతాది చదవక్కర్లేదయ్యా” అనేవారు గర్వంగా.

మొన్న వేసవిలో ఒక పొద్దున్న ఊళ్లో ఫోన్లన్నీ ఒకేసారి మోగాయి. ‘రేపట్నుంచి మూడు రోజులు కుళాయిలు బంద్’ అని ఎవరో వాట్సాప్‌లో పుకారు వదిలారు. ఇక చూడండి! బిందెలు, డ్రమ్ములు, చివరికి పెళ్లివంటల గుండిగలు కూడా కుళాయిల కిందికి వచ్చేశాయి. ట్యాంకు సర్రున దిగిపోతోంది. వాల్వు కట్టేద్దామంటే, పుకారే నిజమని జనం మీద పడతారు. వదిలేద్దామంటే, మధ్యాహ్నానికి ట్యాంకు ఖాళీ, పుకారు ఎలాగూ నిజం!

కమిషనర్ గారు ముక్తేశ్వరరావు గారిని పిలిచారు. “మధ్యాహ్నంలోపు దీన్ని ఆపండి. లేదంటే రేపట్నుంచి జనన మరణాల రిజిస్టరు రాసుకోండి.”

ఆయన చకచకా ప్రకటన టైపు చేయించి, నన్ను ఠప్‌మనిపించి, ఫోటో తీసి, గ్రూపులన్నింటికీ స్వయంగా పంపేశారు. ఎంత ఆధునికం అనుకున్నాను! పది నిమిషాల్లో సోషల్ మీడియా చూసే మల్లేశ్వరి పరుగున వచ్చింది.

“సార్, కొంప ముంచేశారండి!”

“ఏం, అచ్చుతప్పు పడిందా?”

“తప్పేం లేదండి. మీరు ఎప్పట్లాగే పుకారంతా పైన రాసి, ‘ఇది అబద్ధం’ అని అడుగున రాశారు. ఫోన్లో పై సగమే కనపడుతుంది సార్! నొక్కి కిందకి ఎవరూ చూడట్లేదు. పైన పుకారు, పక్కన మన స్టాంపు!”

‘స్టాంపు కూడా ఏసేరంట, ఇంకేం అనుమానం’ అని వీధి వీధికీ పాకిపోయింది. ఊదా ఇంకుతో ఉన్నాను కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే నా ముఖం ఎర్రబడడం అందరికీ కనిపించేది.

“ఇంకో ప్రకటన ఇద్దాం” అంటూ ఆయన మళ్లీ నన్ను పట్టుకున్నారు.

“స్టాంపు ఒద్దండి బాబూ! ట్యాంకు దగ్గరికెళ్లి మీరే లైవ్‌లో చెప్పండి.”

“నేనా? గెడ్డం కూడా చేసుకోలేదమ్మా!”

“మరీ మంచిదండి, నిజమనుకుంటారు.”

కంగారులో నన్ను చొక్కా జేబులో వేసుకునే బయల్దేరారు. ట్యాంకు కింద నిలబడి, “పట్టణ ప్రజలకు తెలియజేయునది ఏమనగా” అని మొదలెట్టారో లేదో, ఫోన్ మీద కామెంట్లు కురిశాయి. మల్లేశ్వరి గట్టిగా చదివింది: “బాబాయ్, పాఠం అప్పజెప్తున్నావా? నీళ్లు వత్తాయా రావా, అది సెప్పు!”

చెమట తుడుచుకుని, ఆయన చేతిలో కాగితం మడిచేశారు. “వస్తాయమ్మా! రేపూ వస్తాయి, ఎల్లుండీ వస్తాయి. ఆ డ్రమ్ములు ఆపండి, లేకపోతే సాయంత్రానికి మా ఇంట్లో కూడా చుక్క ఉండదు!”

“మరి పొద్దున్న స్టాంపేసి బందన్నారుగా?” అని ఇంకో కామెంటు చదివింది మల్లేశ్వరి.

నా గుండె, అదే, నా రబ్బరు బిగుసుకుపోయింది.

“అది నా బుద్ధితక్కువ తల్లీ. ముందు చెప్పాల్సింది అడుగున రాశాను.”

ఇన్నేళ్లలో ఆయన తప్పు ఒప్పుకోవడం నేను వినడం అదే మొదలు. తెర మీద ఎర్రగుండెలు ఎగిరాయి! వెంటనే వీధి కుక్కలు, దోమలు, వెలగని లైట్లు, ఒకటే ప్రశ్నలు. గంటసేపు జవాబులు చెబుతూనే ఉన్నారు. ఈలోగా ఒక్కో వీధిలో కుళాయిలు కట్టేస్తున్నారు. పన్నెండు దాటకముందే ట్యాంకు పైనుంచి ఫిట్టర్ అప్పన్న అరిచాడు: “సార్, నీళ్లు దిగడం ఆగిందండోయ్!”

ఆ విధంగా ఆయన కుర్చీ ఆయనకే మిగిలింది. ఇప్పుడు రోజూ పొద్దున్న ఎనిమిదింటికి లైవే. నేను సొరుగులో, ఎండిపోయిన ఇంకు పెట్టె పక్కన ఉన్నాను. నిన్న సంతలో వంకాయలు ఏరుకుంటున్న ఆయన్ని నలుగురు ఆపి, డ్రైనేజీ గురించి దులిపేశారట. మల్లేశ్వరికి చెబుతూ విసుక్కున్నారు గానీ, గొంతులో ఎక్కడో మురిపెం ఉంది.

ఊరంతా అన్నేళ్లు నన్ను చూసింది. ఒక్కరు కూడా నన్ను ఎదురు ప్రశ్న అడగలేదు. అది గౌరవం అనుకున్నాను.