గొట్టంలో గుడ్డ

అరబ్బు దేశంలో, రుస్తాఖ్ కోట వెనక సందులో తుపాకులు బాగుచేసే కొట్టు ఒకటుంది. యజమాని ఖల్ఫాన్. పనివాళ్ళు ఇద్దరు. రాయచోటి నుంచి వచ్చిన దస్తగిరి, అతని బామ్మర్ది షఫీ. ఒకే కొట్టులో పని, ఒకే రూమ్‌లో పడక, ఒకే కుండలో అన్నం. ఇద్దరి మధ్య మాట మాత్రం లేదు. రెండేళ్ళుగా లేదు.

జైనబీ దస్తగిరి పెళ్ళాం, షఫీకి అక్క. ఆమెకు కామెర్లు వచ్చినప్పుడు దస్తగిరి ఇక్కడున్నాడు. ఇంటిదగ్గర ఉన్నది షఫీ. పసరు పోయించాడు, తాయెత్తు కట్టించాడు, ఫోన్ చేసినప్పుడల్లా తగ్గుతోంది బావా అన్నాడు. కడప ఆసుపత్రికి చేర్చేసరికి ఆమెకు గోళ్ళు కూడా పచ్చబడ్డాయి. దస్తగిరికి కబురు అందేసరికి మట్టి ఇచ్చేశారు.

తమ్ముడికి వీసా తెప్పించమని బతిమాలింది ఆమే. ఆ వీసా ఆమె పోయాక వచ్చింది. అర్బాబ్, అంటే యజమాని ఖల్ఫాన్, తెప్పించిన వీసాను వద్దనే నోరు పనివాడికి ఉండదు. షఫీ వచ్చి దిగాడు. అతను సలాం చెప్తే దస్తగిరి తల తిప్పుకుని ఆకురాయి అందుకున్నాడు. అంతే, ఆ రోజు నుంచి మాట బంద్. మూగవాళ్ళ కొట్టని బజారంతా నవ్వింది. నవ్వనీ అనుకున్నాడు దస్తగిరి. చేసినవాడు చేసి దులుపుకుంటే, పోగొట్టుకున్నవాడు ఎందుకు దులుపుకోవాలి?

మాట లేకున్నా పని నడిచింది. గొట్టం, బోల్టు, గురి, ఇనుముకు సంబంధించినదంతా దస్తగిరిది. చెక్కకు నూనె పట్టించడం, చివరి తుడుపు, తుపాకీని సొంతదారు చేతిలో పెట్టడం షఫీవి. చెప్పుకోవలసిన ఒకే ఒక్క సంగతిని ఇద్దరి తరఫునా ఒక ఎర్రదారం చెప్పేది.

ఆ దారం సంగతి ఇది. ఆ ఏడు తూటాలకు కరువొచ్చింది. 2009 అది. అమెరికాలో జనం బస్తాలకు బస్తాలు ఇళ్ళలో నింపుకుంటున్నారట, లోకమంతా ఎక్కడా దొరకడం లేదట. ఆ వార్త మోసుకొచ్చింది సాలిం అనే బడిపంతులు. అతనూ, పటాలం నుంచి రిటైరైన హమూద్ అనే పెద్దమనిషీ ప్రతి గురువారం వాదీలోకి, అంటే ఎండిపోయిన వాగులోకి పోయి, సున్నం పూసిన రాయిని గురిపెట్టి కాల్చే సరదా మనుషులు. కాల్చడానికి తూటా లేకపోయేసరికి వాళ్ళకు మాటలెక్కువయ్యాయి. కొట్టు అరుగు మీద కూర్చుని కహ్వా కాఫీ తాగుతూ అదే చర్చ. పాత తూటా కాల్చాక గొట్టాన్ని వేడినీళ్ళతో కడగాలా, నూనెతో తుడవాలా? దుబాయి నుంచి దుర్భిణీ తెప్పించి బిగించుకోమని సాలిం పోరితే, హమూద్ ఒప్పుకునేవాడు కాదు. తన త్రీనాట్‌త్రీ రైఫిల్ తాతదట. దానికి దుర్భిణీ పెట్టడమంటే చచ్చిపోయిన తాతకు కళ్ళజోడు పెట్టడమేనట.

వాడకుండా మూలన పెట్టిన తుపాకీకి సముద్రపు తేమగాలి తగిలితే గొట్టంలో తుప్పు పడుతుంది. అందుకని దస్తగిరి నూనెలో నానిన గుడ్డను గొట్టంలో బిగించి కూరేవాడు. గుడ్డకు ముడివేసిన ఎర్రదారాన్ని బయటికి లాగి, ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మికి కట్టేవాడు. దారం ఉంటే లోపల గుడ్డ ఉన్నట్టు. లేకుంటే గొట్టం ఖాళీ అన్నట్టు. షఫీ దారం చూసి గుడ్డ లాగేసి తుపాకీ అప్పగించేవాడు.

కరువు వల్ల ఇంకొకటి కూడా పోయింది. బాగుచేసినవాడే మొదటి గుండు కాల్చాలన్నది ఆ కొట్టు కట్టుబాటు. తన పనిని తన చెంపకే ఆనించుకోవాలి. దస్తగిరి కుడికంట్లో పొర వచ్చాక ఆ కాల్చడం షఫీ వంతుకు వచ్చింది. తూటాలు దొరకనప్పటి నుంచి అదీ మానేశారు. కాల్చి చూడకుండానే ఇచ్చేస్తున్నారు.

ఆ గురువారం పొద్దున దస్తగిరి రొట్టెలు తేవడానికి పోయి వచ్చేసరికి కొట్టులో షఫీ లేడు. బాగుకు వచ్చిన హమూద్ త్రీనాట్‌త్రీ కూడా లేదు. పక్క కొట్టులో ఖంజర్లకు వెండి తొడుగులు వేసే ముసలాయన చెప్పాడు. హమూద్‌కు ఎక్కడో పాత తూటాలు దొరికాయట. ఆ సంబరంలో కారు కూడా దిగకుండా హారన్ కొట్టి తుపాకీ తెప్పించుకున్నాడట. తూటాలు దొరికాయి గనక కట్టుబాటు కట్టుబాటేనని, మొదటి గుండు నువ్వే కాల్చాలని షఫీని కూడా ఎక్కించుకుపోయాడట.

దస్తగిరి తలాడించి పనిబల్ల ముందు కూర్చున్నాడు. రాకినప్పుడు రాలిన ఇనుపరజను కుంచెతో ఊడుస్తుంటే, అందులో ఎర్రదారం కనిపించింది.

గుడ్డ లేదు. దారం ఒక్కటే ఉంది. దాని కొస పీకినట్టు లేదు, బ్లేడుతో కోసినట్టు ఉంది.

కోసింది తనే. నిన్న మధ్యాహ్నం ఆ తుపాకీకి కొత్త గురిముల్లు బిగించాడు. గొట్టం కొసన నిలబడే ఆ ముల్లును రాకుతుంటే దారం మాటిమాటికీ ఆకురాయికి చుట్టుకుంది. విసుగొచ్చి కోసేశాడు. గుడ్డ లోపలే ఉంది.

నూనె గుడ్డతో మూసుకుపోయిన గొట్టంలోకి గుండు వదిలితే ఏమవుతుందో దస్తగిరికి ఒకరు చెప్పక్కర్లేదు. గుండుకు దారి ఉండదు. మందు మంటకు కూడా ఉండదు. గొట్టం కాల్చేవాడి ముఖం ముందే పగులుతుంది. అలా పగిలిన తుపాకీ ఒకటి ఇదివరకు కొట్టుకు వచ్చింది. దాన్ని తెచ్చినవాడికి ఎడమచేతి వేళ్ళు లేవు, కన్ను లేదు.

ఫోన్ తీశాడు. షఫీ నంబరు అర్బాబ్ ఎక్కించిపెట్టాడు. ఏనాడూ నొక్కలేదు. ఇప్పుడు నొక్కాడు. మోగింది, మోగింది, కట్ అయింది. మళ్ళీ నొక్కితే స్విచాఫ్. వాడేమనుకుని ఉంటాడో దస్తగిరికి తెలుసు. రెండేళ్ళ తిట్లు ఒకేసారి తిట్టడానికి చేశాడనుకుని ఉంటాడు. అర్బాబ్ మత్రాలో సామాను కొనడానికి పోయాడు, ఫోన్ ఎత్తడు. హమూద్ నంబరు తన దగ్గర లేదు.

కొట్టు వదిలి పరుగెత్తడానికి లేదు. బీరువా బయట తుపాకీ ఉండగా మనిషి కదలకూడదు, అది అర్బాబ్ హుకుం. హమూద్ తొందరలో షఫీ అది మరిచాడు. తుపాకులన్నీ ఒక్కొక్కటే ఇనుప బీరువాలో పెట్టి తాళం వేశాడు. తాళం మొదటిసారి పడలేదు. షట్టర్ దించి రోడ్డు మీదికి వచ్చేసరికి ఆంజి ఖాళీ నీళ్ళ ట్యాంకర్ తోలుకొస్తున్నాడు. ఆంజిది కరీంనగర్. బజారుకంతటికీ నీళ్ళు పోసేది అతనే. వాదీ అంచున ఉన్న బావిలోనే నింపుకుంటాడు. దస్తగిరి బండికి అడ్డం నిలబడ్డాడు.

"సావాలనుందా అన్నా? గట్ల అడ్డమొస్తివి."

"వాదీకి పోనీయ్. హమూద్ వాళ్ళు కాల్చే చోటికి. మా షఫీ ఉండాడు ఆడ."

ఆంజి అతని ముఖంలోకి చూసి గేరు మార్చాడు. "మా షఫీ అన్నవా? ఇయ్యాల వాన పడ్తదే అన్నా."

దస్తగిరి నవ్వలేదు. సంగతి చెప్పాడు. ఆంజి నవ్వు కూడా ఆగిపోయింది. ఖాళీ ట్యాంకర్ రాళ్ళదారి మీద డప్పులా మోగుతూ పోయింది.

దారి పొడవునా దస్తగిరి నిన్నటి మధ్యాహ్నాన్నే తిరగేశాడు. తుపాకీని షఫీ వైపు పెట్టేటప్పుడు గుడ్డ సంగతి గుర్తుందా, లేదా? ఉంది. గొంతుదాకా వచ్చింది. షఫీ తల వంచుకుని చెక్కకు నూనె రుద్దుతున్నాడు. వంచిన ఆ మెడ మీద జైనబీకి ఉన్నట్టే సుడి. అది చూడగానే మాట వెనక్కి పోయింది. వాడికి మాత్రం కళ్ళు లేవా, బోల్టు తీసి గొట్టంలోకి చూసుకోడా అనుకున్నాడు. రేపు మాపు ఎవరు కాలుస్తారు, తూటాలెక్కడున్నాయి అని కూడా అనుకున్నాడు. అనుకుని అవతలికి పోయాడు.

ఇప్పుడు గొట్టం పగిలితే బజారు ఏమంటుంది? పెళ్ళాం చావుకు బదులు తీర్చుకున్నాడంటుంది. పోలీసులు కూడా ఆ మాటే అడుగుతారు. కాదని ఎలా చెప్పడం? దారం కోసిన బ్లేడు తన బల్ల మీదే ఉంది. అన్నిటికంటే ముందు షఫీ వాళ్ళమ్మకు ఫోన్ చేయాలి. కూతుర్ని మట్టిలో పెట్టిన ముసలిదానికి కొడుకు సంగతి తన నోటితోనే చెప్పాలి.

వాదీ మలుపు దగ్గరకు వచ్చేసరికి ఒక చప్పుడు వినిపించింది. సన్నటి చప్పుడు. సాలిం చిన్న రైఫిల్ అది. దస్తగిరి ఊపిరి వదిలాడు. ఆ ఊపిరి పూర్తికాకముందే ఇంకొకటి పేలింది. బరువైన చప్పుడు, కొండకు తగిలి తిరిగొచ్చింది. త్రీనాట్‌త్రీ. దస్తగిరి తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. ఆంజి బ్రేకు మీద కాలేసి అతని వైపు చూశాడు.

"పోనీయ్," అన్నాడు దస్తగిరి.

మలుపు తిరిగితే వాదీ కనిపించింది. తుమ్మచెట్టు కింద చాప, దాని మీద ఖర్జూరాలు, కహ్వా కూజా. హమూద్ చుట్టం ఒకతను తన త్రీనాట్‌త్రీని చాప మీద పెట్టి చెవిలో వేలు తిప్పుకుంటున్నాడు. పేలింది అతని తుపాకీ. హమూద్ తుపాకీ షఫీ చేతిలో ఉంది. షఫీ నేల మీద బోర్లా పడుకుని, చెంప చెక్కకు ఆనించి, రాయిని గురి చూస్తున్నాడు. వేలు ట్రిగ్గర్ మీద ఉంది.

దస్తగిరి ట్యాంకర్ ఆగకముందే దూకాడు, బోర్లా పడి లేచాడు. హమూద్ చెయ్యెత్తి కోపంగా ఆగమన్నాడు. గురి చూస్తున్నవాడి వెనక నోరెత్తకూడదని అక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు.

"షఫీ! ఒత్తొద్దు రా. గొట్టంలో గుడ్డ ఉంది."

షఫీ తలెత్తలేదు. ఆ గొంతు తనను పిలుస్తోందని నమ్మడానికి అతనికి కొంచెం సేపు పట్టింది. తర్వాత వేలు మెల్లగా బయటికి వచ్చింది. బోల్టు లాగాడు. తూటా ఇసుకలో పడింది. బోల్టు పూర్తిగా ఊడదీసి గొట్టాన్ని ఆకాశం వైపు ఎత్తి, వెనక నుంచి చూశాడు. చూసి హమూద్‌కు అందించాడు. హమూద్ కూడా చూశాడు. లోపల వెలుగు లేదు.

కారులోంచి తెచ్చిన కడ్డీతో పొడిస్తే గుడ్డ వేలెడు ముద్దగా బయటికి వచ్చి పడింది. సాలిం అల్లాను తలుచుకున్నాడు. హమూద్ గుడ్డను కర్రతో కదిపి చూసి, తన తాత తుపాకీకి ప్రసవం చేశారని అరబ్బీలో అన్నాడు. ఎవరికీ నవ్వు రాలేదు, అన్న తనకు కూడా రాలేదు. తర్వాత దస్తగిరి వైపు తిరిగి, ఖల్ఫాన్‌తో మాట్లాడవలసింది చాలా ఉందని మాత్రం అన్నాడు. ఆ మాటకు అర్థం దస్తగిరికి తెలుసు. ఉద్యోగం ఉండొచ్చు, ఊడొచ్చు. అది అప్పుడు అతని చెవికి ఎక్కలేదు.

షఫీ మోకాళ్ళ మీద కూర్చుని బోల్టును చొక్కాతో తుడుస్తున్నాడు. తల వంచుకునే అడిగాడు.

"మర్సిపోయినావా బావా, ఇడ్సిపెట్టినావా?"

చుట్టూ ఉన్నవాళ్ళకు తెలుగు రాదు. ఆంజి ఒక్కడికే వచ్చు. అతను ట్యాంకర్ టైరు చూసే నెపంతో దూరం పోయాడు. మరిచిపోయానంటే చాలు, అందరికీ బాగుంటుంది. దస్తగిరి నాలుక మీదికి ఆ మాటే వచ్చింది.

"మర్సిపోల్యా. నీతో మాట్లాడబుద్ధి కాల్యా. నువ్వే సూసుకుంటావులే అనుకుంటి."

షఫీ తుడవడం ఆపాడు. హమూద్ దగ్గర తుపాకీ మళ్ళీ అందుకున్నాడు. బోల్టు ఎక్కించాడు, మళ్ళీ ఊడదీశాడు, మళ్ళీ గొట్టంలోకి చూశాడు. అప్పుడు ఇసుకలో పడిన తూటా ఏరి ఊది లోపల పెట్టాడు. ఇంకెవరైనా కాలుస్తారులే, లేవమని హమూద్ అన్నాడు. షఫీ వినలేదు. కట్టుబాటు మీరు గుర్తుచేసిందేగా అన్నట్టు చూసి బోర్లా పడుకున్నాడు.

దస్తగిరి పోయి అతని కుడిపక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బోల్టుకు జానెడు దూరంలో ముఖం పెట్టాడు. ఏదైనా పగిలితే ఇద్దరికీ పగులుతుంది.

"జరుగు బావా."

దస్తగిరి జరగలేదు.

షఫీ కాల్చాడు. దస్తగిరి చెవులు గుయ్యిమన్నాయి. కన్నూ ముక్కూ ఉన్నచోటే ఉన్నాయి. రాయి కింద మట్టి లేచింది.

షఫీ లేచి కూర్చున్నాడు. చేతులు తొడల కింద పెట్టుకున్నాడు.

"అక్క సంగతి నువ్వు మర్సిపోవు. నన్ను మాపు సేయవు. సరే. ఇది నేను మర్సిపోను, నేనూ సేయను. పని మాటలు మాత్రం మాట్లాడుకుందాం. లేదంటే ఇద్దర్లో ఒకడు ఈన్నే పోతాడు."

దస్తగిరి రాయి వైపు చూశాడు. పొర ఉన్న కన్ను మూసి, బాగున్న కంటితో చూశాడు.

"కింద తగిలె," అన్నాడు. "ముల్లు ఎత్తుంది. ఇంకా రాకాల."

"ఎంత?"

"గోరంత."

"సరే," అన్నాడు షఫీ, ఇంకో తూటా కోసం హమూద్ వైపు చెయ్యి చాచాడు.