గాలిని చెడగొట్టిన చట్రం

నేను ఒక ఇనుప చట్రాన్ని. అడ్డంగా, నిలువుగా ఊచలు, మధ్యన చదరపు కంతలు. అనంతపురంలోని ఒక ఇంజనీరింగు కళాశాల వర్క్‌షాపులో నన్ను అతికిన మస్తానయ్య, “ఏ కిటికీకి మేడమ్ ఇది?” అని అడిగాడు. పరిశోధన చేస్తున్న నాగవేణి నవ్వింది. “కిటికీకి కాదన్నా, గాలిని చెడగొట్టనీకి.”

వాళ్ల ప్రయోగశాలలో గాలి సొరంగం ఉంది. పొడవాటి పెట్టె, ఒక చివర పెద్ద ఫ్యాను. అందులో గాలి నూనె ధారలా సాఫీగా సాగేది. ఆ గాలిలో నాగవేణి తయారుచేసిన గాలిమర రెక్క నమూనా ముచ్చటగా నిలిచింది. ఆచార్యులు ఉమాపతిగారు మురిసిపోయి, థీసిస్ రాసెయ్యమన్నారు. మనుషులకు సాఫీగా సాగేదంతా నిజంలాగే కనిపిస్తుంది.

నాగవేణికి మాత్రం మనసొప్పలేదు. రెక్కకు ముందు నన్ను బిగించి ఫ్యాను వేసింది. నా ఊచలకు కొట్టుకున్న గాలి సుడులు తిరుగుతూ వెళ్లి రెక్క మీద పడింది. రెక్క వణికింది. చూస్తుండగానే దాని మొదట్లో పగులు పాకింది. ఏళ్ల కష్టం ఆమె కళ్లెదుటే విరిగింది. నేను చేసింది నా పనే అయినా, ఆమె ముఖం చూస్తే నాకే జాలేసింది.

ఉమాపతిగారు విరిగిన రెక్కను చేతిలోకి తీసుకుని చూశారు. తర్వాత మెల్లగా అన్నారు: “ఈ చట్రం సంగతి వదిలెయ్యమ్మా. నీ గడువు అయిపోవస్తోంది. ముందొచ్చిన ఫలితాలు అబద్ధం కాదు గదా?”

“అబద్ధం కాదు సార్. కానీ మా తమ్ముడు పనిచేసే కొండమీద గాలి అంత సాఫీగా ఉండదు.”

ఆమె తమ్ముడు కుళ్లాయప్ప గాలిమరల స్తంభాలెక్కి మరమ్మతులు చేస్తాడు. ఆచార్యులు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. మర్నాడు గడువు పెంచమని అడగడానికి తానే వెళ్లారు.

ఆమె రెక్క మొదలును మార్చింది, లోపలి గాజునారల అల్లికను మార్చింది. విరిగింది. మళ్లీ మార్చింది. చివరికొక రెక్క నా సుడుల్లో ఊగింది, వంగింది, విరగలేదు. ఉమాపతిగారు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు.

తర్వాత మోటార్లతో కదిలే కొత్త చట్రం వచ్చింది. నన్ను వర్క్‌షాపు వెనక తుక్కులో పడేశారు. మస్తానయ్య నా మీద తువ్వాలు ఆరేసుకుంటాడు. ఫరవాలేదు, అదీ ఒక కొలువే.

ఈ ఆషాఢంలో ఒక మధ్యాహ్నం, లోపల సిగ్నలందక నాగవేణి ఫోను పట్టుకుని నా దగ్గరికొచ్చింది. కొండమీది గాలిమరలకు ఆమె రూపొందించిన రెక్కలు బిగించిన తర్వాత మొదటి పెనుగాలి ఆ రోజే వీస్తోంది.

“అక్కా, గాలి తోసేస్తాంది! నిలబడలేకుండాం!” కుళ్లాయప్ప గొంతు గాలిలో కొట్టుకుపోతోంది.

“రెక్కలెట్లుండాయిరా?”

“ఊగుతాండాయి. తిరుగుతాండాయి!”

ఆమె చేయి నా ఊచను గట్టిగా పట్టుకుంది.

“సరే లేరా. నువ్వు ముందు కొండ దిగు. అన్నం తిన్యావా?”