మూత మారిన క్లచ్

షెడ్డు తలుపు తియ్యగానే మెకానిక్ చేసే మొదటి పని, గోడవార అరలో ఉన్న పాత క్లచ్చుల దుమ్ము దులపడం. ఒక్కోదానికీ తీగతో కట్టిన అట్టముక్క, దాని మీద ఒక పేరు. కోపిష్టి. కొత్తల్లుడు. నిద్రమొహం.

ఆ మైదానంలో నలభై పెట్రోల్ గోల్ఫ్ బళ్ళున్నాయి. ఏ బండైనా నాలుగేళ్ళు ఒకే చేతిలో నడిస్తే, తోలేవాళ్ళ గుణం ఇంజను పక్కనున్న క్లచ్చుకి పట్టేస్తుంది. కొత్తల్లుడి క్లచ్ ఏ బండికి బిగించినా నలుగురు బతిమాలితే గానీ కదలదు. అందుకే మార్చేటప్పుడు ఎవరి గుణం ఎవరికి తగిలిస్తున్నామో చూసుకోవాలి. బెల్టుకి గ్రీజు అంటకూడదన్నది ఎంత మామూలు సంగతో, ఇదీ అంతే.

సామాన్ల బండి మాత్రం ఆరేళ్ళుగా మెకానిక్ చేతిలోనే ఉంది. అది గేటు దాకా బుద్ధిగా వెళ్ళి, అక్కడ ఆగిపోతుంది. ఆరేళ్ళూ ఆమె అక్కడ ఆగి, వచ్చిన ప్రతివాళ్ళతో "ముందు మీరు వెళ్ళండి" అంటూ వచ్చింది మరి.

ఇన్నాళ్ళూ దాంతో ఇబ్బంది లేదు. ఇప్పుడొచ్చింది. రోడ్డుకి అవతల కొత్త మైదానం వాళ్ళు హెడ్ మెకానిక్‌గా రమ్మని కబురు పెట్టారు. ఈ వారంలో మూడుసార్లు బయల్దేరి మూడుసార్లూ గేటు నుంచే తిరిగొచ్చింది. నడిచి వెళ్ళొచ్చుగా అంటారేమో, అందులో రెండుసార్లు నడిచే వెళ్ళి గేటు దగ్గర ఆగిపోయింది. బండి నేర్చుకుంది ఎవరి దగ్గరని! ఇవాళ పొద్దున ఫోనొచ్చింది. సాయంత్రం ఐదులోపు పరికరాల పెట్టెతో వచ్చి సంతకం పెట్టకపోతే ఇంకొకరిని చూసుకుంటారట.

నాలుగున్నరకి ఆమె సామాన్ల బండి క్లచ్ విప్పుకుని బల్ల ముందు కూర్చుంది. పక్కనే ఇంకో క్లచ్ కూడా విప్పి ఉంది, వేరే బండికి వెయ్యాలని. అది మేనత్తది. అత్త ఇరవై రెండేళ్ళు ఇక్కడే బండి తోలింది. ఎవరికోసమూ ఆగేది కాదు. ఒక్కసారి కూడా రివర్స్ వేసి ఎరగదు, మలుపు దాటిపోతే మైదానమంతా చుట్టి వచ్చేది. కళ్ళు మసకబారాక బండి దింపేసి సామాన్లు తుడిచే పనిలో పెట్టారు. ఇప్పుడు వేళ్ళతో తడిమి ఏ మూత ఏ క్లచ్చుదో చెప్పేస్తుంది.

"మళ్ళీ విప్పావూ?" అంది అత్త, గుడ్డ దులుపుతూ.

"స్ప్రింగు గట్టిగా ఉంది అత్తా. మెత్తది వేస్తే తొందరగా అందుకుంటుంది."

"నిన్న లోపలి బరువు బిళ్ళలు తేలికవి వేశావు. మొన్న బెల్టు మార్చావు. రోగం ఒకచోట, మందు ఒకచోట."

"అది కాదత్తా, నాకంటే పనొచ్చినవాళ్ళు వాళ్ళకి దొరుకుతారేమో కదా."

"ఎందుకు దొరకరూ? ఐదూ ఐదుకల్లా దొరుకుతారు."

మెకానిక్ కొత్త స్ప్రింగు పెట్టింది. క్లచ్ విప్పేముందు ఒంటికీ మూతకీ కలిపి గాటు పెట్టుకోవడం ఆమె పద్ధతి. తనదానికి ఒక గాటు, అత్తదానికి రెండు. దేని మూత దానికే పడాలి. మారిందంటే తూకం తప్పి బండి దడదడలాడుతుంది, తోలేవాళ్ళ పళ్ళు రాలతాయి.

"ఇదిగో నీ మూత. కానీ, కానీ, ముల్లు ఆగదు," అంటూ అత్త ఆ మూత అందించింది.

గడియారం పావుతక్కువ ఐదు చూపిస్తోంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆమె గాట్లు చూడకుండా మూత బిగించేసింది. షాఫ్టు పొడిగుడ్డతో తుడిచి క్లచ్ ఎక్కించి, బోల్టు బిగించి, బెల్టు తగిలించి, పెట్టె వెనకేసుకుని బయల్దేరింది.

గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డుకర్ర ఎత్తి పట్టుకుని, అలవాటుగా నవ్వాడు. "ఏమ్మా, రేపేనా?"

అటునుంచి పాల వ్యాన్ వస్తోంది. "ముందు మీరు..." అనబోయింది మెకానిక్. మాట పూర్తయ్యేలోపే బండి వ్యాన్ ముందు నుంచి దూసుకుపోయి రోడ్డు దాటేసింది. వ్యాన్ డ్రైవర్ తిట్టిన తిట్టు వెనకెక్కడో పడింది.

అవతల గట్టు పక్కన ఆపి, దిగి, సీటెత్తి చూసింది. మూత మీద రెండు గాట్లు. అది అత్త మూత. తప్పు బిగించింది. వెనక్కెళ్ళి మార్చాలి, వాళ్ళతో రేపొస్తానని చెప్పుకోవాలి. ఎక్కి రివర్స్ వేసింది. ఇంజను అరిచింది గానీ బండి అంగుళం కదల్లేదు. ఇంకోసారి తొక్కింది. ఊహూఁ. దడ లేదు, వణుకు లేదు, నున్నగా తిరుగుతోంది, కానీ వెనక్కి మాత్రం పోదు.

"ఇదిగో నీ మూత" అన్న అత్త గొంతు గుర్తొచ్చింది. ఆ వేళ్ళు ఏనాడూ పొరపాటు పడలేదు.

గేరు ముందుకి వేసింది.

ఐదుకి నాలుగు నిమిషాలుండగా కొత్త షెడ్డు ముందు ఆగింది. అక్కడి పెద్దాయన కాగితం పట్టుకుని బయటికొచ్చి, బండి శబ్దం చెవి ఒగ్గి విన్నాడు.

"ఇంత నున్నటి క్లచ్ వినలేదమ్మా. ఎవరి చేతిది?"

"సగం నాదండి," అంది ఆమె, పెన్ను కోసం చెయ్యి చాపుతూ. "సగం మా అత్తది."