గుమ్మగెడ్డ బడికప్పు

వేసవియెండలకు మాడి నల్లబడిన తూర్పుకనుమల శిఖరములమీద నీలమేఘములు ఏనుగులమందవలె వచ్చి నిలిచి నేడో రేపో కురియుదుమని బెదరించుచుండ, పండిన పనసల పరిమళమును తడిసిన మట్టివాసనయు గాలి మోసికొని వచ్చుచుండ, రాళ్ళనడుమ సన్నగిల్లియున్న గెడ్డనీరు పైకొండల వానలకు మరల గలగలలాడ నారంభింప, ఆ గెడ్డయొడ్డున రాతిబరువుల క్రింద అదిమిపెట్టిన వెదురుబుట్టలలో గుమ్మగెడ్డ పల్లెవారి వానకాలపు తిండి నానుచుండెను. అది మామిడిజీడి. పండు తిన్నపిదప టెంకను పాఱవేయక యెండబెట్టి పగులగొట్టి లోనిపప్పును దంచి వగరు వదలునంతదాక పాఱునీట నానబెట్టి కాచిన అంబలియే, గాదెలు అడుగంటిన శ్రావణమున ఆ కొండపల్లెకు ప్రాణాధారము. ఎఱుగనివారి కంటికి అది గెడ్డలో కుళ్ళుచున్న చెత్తవలె కనబడును. కనబడుటలో తప్పులేదు. కనబడినదానిని ఎవరి నడుగకయే వ్రాసి అచ్చువేయించుటలో తప్పున్నది.

ఆ గెడ్డకు ఎగువన పల్లెవారే మట్టి త్రొక్కి వెదురు మోసి నిలిపిన బడి యొకటి కలదు. దానిని స్థాపించినది ఆకొండి విశాలాక్షమ్మ. బాల్యవైధవ్యముచే అన్నగారి వంటయింటి పాలై, అన్నకొడుకుల పాఠములు వినివిని అక్షరములు నేర్చి, పట్టణపు పరీక్షలలో తేఱి, బడియే లేనిచోటికి పోయి బడి పెట్టెదనని పంతముపట్టి ఒక చాపయు ఒక చెంబును మాత్రము చేకొని కొండయెక్కిన యామెను పల్లెవారు బడమ్మ యనిరి. ఆమెకు పలకలును పుస్తకములును బత్తెమును పంపునది కిందిపట్టణమునందలి విద్యాదానసమాజము. సమాజమునకు దాతలు కావలయును. దాతలకు మనసు కరగుటకు చదువుటకేదైనను కావలయును. కావున విశాలాక్షమ్మ యేటేట కొండమీది సంగతులు వ్రాసి పంపుచుండ, కార్యదర్శియగు రావుసాహేబు ముక్కామల జగన్నాథరావుగారు వానిని గిరిదీపిక యను పేర పుస్తకముగా అచ్చువేయించి పంచుచుండిరి.

ఆమె కొండకు వచ్చిన తొలియేటి మాట. ఆరోగ్యశాస్త్రము ఆమూలాగ్రము వల్లించియున్న విశాలాక్షమ్మ గెడ్డలోని బుట్టలను చూచి, ఈ కుళ్ళే జ్వరములకు మూలమని నిశ్చయించుకొని, చెఱగు నడుమున బిగించి, ఉన్న బుట్టలన్నిటిని ప్రవాహమున ఒంపివైచెను. అవి పాంగి సుక్రి యను బాలింతరాలి బుట్టలు. సుక్రి వచ్చి ఒట్టిబుట్టలను చూచి వానిని దులుపుకొని పోయెను. విశాలాక్షమ్మయో, తాను చేసిన మేలునకు తానే పొంగి ఆ పొంగులోనే ఒక వ్యాసము వ్రాసి పట్టణమునకు పంపెను.

శ్రావణము వచ్చెను. సుక్రి యింట పొయ్యి రాజని దినములు వచ్చెను. అప్పుడు సంగతి తెలిసిన విశాలాక్షమ్మ తలవంచుకొని పోయి ఆ గుడిసె వాకిట నిలువగా, చంటిబిడ్డను చంక నెత్తుకొనియున్న సుక్రి ఆమెను ఎగాదిగా చూచి యిట్లనెను.

"ఏటి సేస్తావు బడమ్మా, నీకు తెల్దు. తెల్నోళ్ళకి సెప్పాల. మళ్ళీ యేడు జీడి దంచినప్పుడు రా. ఎలగ నానెయ్యాలో సూపిస్తాను."

ఆ మఱుసటియేడు విశాలాక్షమ్మ సుక్రి ప్రక్కన కూర్చుండి జీడి దంచెను, నానబెట్టెను, అంబలి త్రాగెను. పిమ్మట ఆ పనితనమును ఆ ఓర్పును వర్ణించుచు రెండవ వ్యాసము వ్రాసి, మొదటిదానిని తొలగింపుడని కార్యదర్శిగారిని వేడుకొనెను. కార్యదర్శిగారు రెండవదానిని చదివి మిగుల బాగున్నదనిరి. మొదటిదానినే మరల అచ్చువేసిరి. ఏటేట ఆమె వేడుకొనుచునే యుండెను. ఏటేట అది మొదటిపుటయందే నిలిచియుండెను. ఈ సంగతి పల్లెలో ఎవరికిని తెలియదు. బడమ్మ చెప్పలేదు.

ఇక ఆ బడికప్పును గూర్చి చెప్పవలసియున్నది. వానలకు ముందు ప్రతి యిల్లును ఒక్కొక్క గడ్డిమోపు తెచ్చి బడికప్పున తన వాటాను తానే కప్పవలయునని పల్లెవారి కట్టు. ఒకరి వాటాను మఱియొకరు కప్పరాదు. అడుగకుండ కప్పుట ఆ యింటివారిని చేతగానివారనుటయే యగును. విశాలాక్షమ్మయు తన మోపు తాను కోసికొని వచ్చి తన వాటా తాను కప్పుచుండెను. పలకలు పంపు సమాజమును సహితము పల్లెవారు ఒక యింటిగా నెంచి దానికి కిందిల్లని పేరుపెట్టి, పాపము పట్టణమున గడ్డి దొరకదు కాబోలునని తలంచి, వారివంతు మోపును అందఱును కలసి వేయుచుండిరి. సమాజమువారికి తమకు కొండమీద ఒక వాటా కలదని కాని, దానిని ఎవరో కప్పుచున్నారని కాని యేనాడును తెలియదు.

ఇట్లు సంవత్సరములు గడచి, నాటి చంటిబిడ్డ దైమతి బడిపిల్లలలోకెల్ల మొదటిదై ఎంతటి గ్రాంథికమునైనను తొట్రుపడక చదువునంతటి దయ్యెను. ఆ యేటి జ్యేష్ఠమాసాంతమున బడి వార్షికోత్సవమునకై రావుసాహేబుగారు దాతలను వెంటబెట్టుకొని కొండకు విచ్చేసిరి. వారు కూర్చుండుటకు కావలసిన కుర్చీలు పల్లెవారి భుజములమీద వారికంటె ముందే వచ్చెను. వానిలో నగిషీచెక్కిన పెద్దకుర్చీ యొకటి కార్యదర్శిగారి కొఱకు బడిలో కిందింటి వాటా క్రింద ముందు వేయబడెను. పల్లెవారందఱు నేలమీద కూర్చుండిరి. నాయుడని పిలువబడు ఊరిపెద్ద కొర్రా బొంజుబాబు సుక్రిని చూచి నవ్వుచు పలుకరించెను.

"ఏటే సుక్రీ, నీ పిల్ల కిందోళ్ళ బాసలో సదూతాదంట. మనకేటైనా తెలుస్తాదేటి?"

"తెలకపోతే తొంగో నాయుడా. తొంగోడానికి సదువక్కర్నేదు గదా."

చుట్టునున్నవారు నవ్విరి. సుక్రి నవ్వలేదు. ఉతికిన కోక కట్టుకొని ఉదయమునుండి బిడ్డ చదువు వినుటకు ఎదురుచూచుచున్న యామెకు నవ్వుటకు తీఱికలేదు.

విశాలాక్షమ్మ అతిథులకు పానకము కలుపుటకై వెనుకదిక్కునకు పోయియున్న సమయమున, రావుసాహేబుగారు గిరిదీపికను తెఱచి మొదటిపుట చూపి దైమతి చేతికిచ్చి, "చదువమ్మా, నీ చదువు దాతలు వింటారు" అనిరి. ఆ బాలిక నిలువబడి స్ఫుటమైన కంఠముతో చదువసాగెను.

"ఈ గిరివాసులు పశుప్రాయులు. కోతులు చీకి పాఱవైచిన టెంకలను ఏఱి గెడ్డలో కుళ్ళబెట్టి భక్షింతురు. మృగములకున్న మాతృవాత్సల్యమైనను వీరి స్త్రీలకు లేదేమో, ఇట్టి దుర్గంధద్రవ్యమును పసిబిడ్డల నోట పోయుటకు సంకోచింపరు. నేను స్వహస్తముతో పాఱబోసినవి పాంగి సుక్రి యనుదాని బుట్టలు. అది మూఢురాలై చూచుచు..."

కంఠము ఆగెను. ముందు కూర్చున్న దాత యొకడు కార్యదర్శిగారి చెవిలో, ఇది వారి యెదుట చదివింపవచ్చునా యని గొణిగెను. "గ్రాంథికం వీళ్ళకేం తెలుస్తుందండీ, మీరు కంగారుపడకండి" అని రావుసాహేబుగారు చిఱునవ్వుతో సమాధానము చెప్పి, బాలిక వైపు తిరిగి, "ఆగావేమమ్మా, కంఠం బాగుంది, కానియ్యి" అనిరి.

వినుము చదువరీ. ఆ కొండమీద అక్షరములు నేర్పుటకే పుట్టిన సమాజమునకు తాము నేర్పిన యక్షరము తమ యెదుటనే నిలిచియుండగా అది అర్థమెఱుంగునను తలంపు లేదు. చిలుకకు పలుకు నేర్పినట్లు నేర్పితిమనుకొనిరి కాబోలు. దానమున కింతకంటె నీచమైన గర్వము మఱియొకటి యుండునా?

సుక్రి కూర్చున్నచోటనుండియే బిడ్డ నడిగెను. "ఏటే, నా పేరొచ్చింది. ఏటి రాసారు?"

దైమతి తల్లిని చూచెను, పుస్తకమును చూచెను. కొండవాడుకలో తల్లిని పిలుచునట్లు పిలిచి నెమ్మదిగా పలికెను.

"యాయా, మనం పసువుల్లాటోళ్ళమని రాసారు. కోతులెంగిలి తింతామని రాసారు. నువ్వు నా నోట్లో కుళ్ళు పోసి పెంచేవని రాసారు."

పానకపు బిందెను వాకిటనే దింపి విశాలాక్షమ్మ వచ్చి నిలిచెను. సుక్రి లేచి, "ఎవులు రాసారు?" అని యడిగెను. దైమతి చూపు విశాలాక్షమ్మమీద నిలిచెను.

"నేనే రాశాను సుక్రీ," అని విశాలాక్షమ్మ పలికెను. "బుట్టలు ఒంపేసిన రోజే రాశాను."

రావుసాహేబుగారు కుర్చీలో సర్దుకొని, "ఇందులో నేను చేర్చింది ఒక్క అక్షరం లేదమ్మా. అన్నీ మీ మాటలే," అనిరి.

"చేర్చలేదు. తీసెయ్యండని ప్రతి యేడూ బతిమాలితే తియ్యలేదు. రెండోది ఎందుకు వెయ్యలేదో ఈ రోజు వీళ్ళ ఎదుట చెప్పండి."

"చెప్తాను, దాపరికమేముంది? రెండోది చదివి ఒక పెద్దమనిషి ఏమన్నారో తెలుసా? వాళ్ళకి అన్నీ తెలిసే ఉంటే ఇంక బడి ఎందుకన్నారు. జాలి పుట్టకపోతే ఎవరిస్తారమ్మా? ఈ పుట మీదే మీ బడి నడుస్తోంది."

విశాలాక్షమ్మ మొగము జేవురించెను. ఎన్నడును హెచ్చని ఆమె స్వరము హెచ్చెను.

"ఆ పిల్ల తల్లిని పశువును చేస్తే గాని ఆ పిల్లకి పలక ఇవ్వరా మీరు? తల్లిని తిట్టిస్తే గాని చదువు వచ్చినట్టు కాదా? నేను తెలియక రాశాను. మీరు తెలిసీ అమ్ముకున్నారు. ఆ పుట తీసెయ్యండి."

"ఆ పుట పోతే సమాజపు బత్తెమూ పోతుంది. ఆలోచించుకోండి."

"పోనివ్వండి."

రావుసాహేబుగారు లేచిరి. దాతలు లేచిరి. ఒక్కరైనను సుక్రి మొగమువైపు చూడలేదు. వారు కుర్చీలను చూపగా బొంజుబాబు కదలక మెదలక నేలమీదనే కూర్చుండి పలికెను.

"ఎక్కేటప్పుడు మేమే మోసేం బాబూ. పసువులం గదా, బరువు తెలిసింది కాదు. ఇప్పుడు తెలుస్తంది."

తమ కుర్చీలను తామే మోసికొని ఆ పెద్దలు కొండ దిగిరి. నగిషీకుర్చీ మాత్రము బరువైనదగుటచే అచ్చటనే నిలిచెను. సుక్రి బిడ్డచేయి పట్టుకొని వెనుదిరిగి చూడక యింటికి పోయెను.

మఱునాడు మొదలు బడికి పిల్లలు రాలేదు. గడ్డిమోపులును రాలేదు. పాతగడ్డి దులిపివైచిన కప్పు వాసములు బయటపడి ప్రక్కటెముకలవలె కనబడుచుండ, మేఘములు నానాటికి క్రిందికి దిగుచుండెను. సమాజపు బత్తెము పోయినందుకు విశాలాక్షమ్మ వగవలేదు. కప్పులేని బడి మొదటివానకే గోడలు కరగి కూలుననియు, అంతకుమించి దైమతి యిక పుస్తకమును ముట్టదేమో యనియు ఆమె కుమిలెను. కడకొక యుదయమున తాను శీతకాలమున కోసి దాచిన మోపును నెత్తికెత్తుకొని ఒంటరిగా నిచ్చెన యెక్కి తన వాటాను తాను కప్ప నారంభించెను. గెడ్డకు పోవుచున్న సుక్రి త్రోవలో నిలిచి తలయెత్తి చూచెను.

"ఆ తాడు అలగ కట్టకు బడమ్మా. గాలొస్తే జారిపోతాది."

విశాలాక్షమ్మ చేతులాగెను. సుక్రి బుట్టను దింపెను.

"నువ్వు రాసినదానికి కాదు నా కోపం. నీకు తెల్దని ఆ యేడే వొదిలేసేను. తెలిసీ అచ్చేసినోడు ఎలాగా మనిసి కాడు. గానీ ఒకటడుగుతాను సెప్పు. ఇన్నేళ్ళు నా పక్కన కూకుని అంబలి తాగేవు. నా పేరు అందల ఉందని నాకెందుకు సెప్పనేదు?"

విశాలాక్షమ్మ నిచ్చెనమీదనే కన్నీరు తుడుచుకొని, "బడి పోతుందని భయపడ్డాను సుక్రీ," అని మాత్రము పలికెను.

"మాకు సెప్పుంటే బడెలగ పోతాది? బడి మాది గదా," అని సుక్రి నిచ్చెన యెక్కి ఆ తాటిని విప్పి మరల బిగించి కట్టెను.

ఆ ప్రొద్దు గూకకముందే సుక్రి తన మోపును తెచ్చెను. దానిని చూచి కొర్రావారింటి మోపు వచ్చెను. పిదప ఒక్కొక్క యిల్లును కదలెను. సుక్రి వాటా కప్పుచుండ క్రిందనుండి గడ్డి యందించినది దైమతియే. కప్పంతయు కమ్మి వచ్చి నగిషీకుర్చీకి పైనున్న భాగము మాత్రము మిగిలెను. అది కిందింటి వాటా. పల్లెవారందఱు బొంజుబాబు మొగము చూచిరి. అతడు చేతులు దులుపుకొని దిగెను.

"ఆల్లిల్లు ఆల్లే కప్పుకోవాల. మనం కప్పితే ఆల్లని సేతకానోళ్ళు అన్నట్టు గదా. పెద్దోళ్ళు. అలగనకూడదు."

ఆ మఱునాడే వాన విరుచుకొనిపడెను. కొండ లన్నియు మఱుగై, గెడ్డ యెఱ్ఱగా పొంగి, బడిలోని పిల్లలు వెచ్చగా కప్పు క్రింద ఒదిగి కూర్చుండి పాఠము చదువుచుండ, ఆకసమునకు తెఱచియున్న ఆ చతురస్రమునుండి వాన ధారగా దిగి నేరుగ నగిషీకుర్చీమీద పడుచుండెను. దైమతి చదువుచున్నదల్లా ఆగి, "దాన్ని ఇవతలకి లాగీనా బడమ్మా?" అని యడిగెను.

"ఉండనీ," అని విశాలాక్షమ్మ పలికెను. "నువ్వు చదువు."

ఆ యేడు గిరిదీపిక మరల వెలువడెను. మొదటిపుట మాఱలేదు. మరల కొండకు రాదలచితిమని సమాజమువారు ఆపై యేడు కబురంపగా, రావచ్చుననియు వచ్చునపుడు ఒక్క గడ్డిమోపు నెత్తిన పెట్టుకొని రావలయుననియు పల్లెవారు బదులు చెప్పిరి. ఎవరును రాలేదు. పల్లెవారి అంబలియే బడమ్మకు బత్తెమై బడి నిలిచియేయున్నది. ఒకరి తల్లిని హీనపఱిచి ఒకరికి విద్య యిత్తుమనువారి కొఱకు ఆ కప్పున ఆ చోటు ఇంకను తెఱచియే యుంచబడినది. ప్రతి వానకాలమును దాని క్రింద ఆ కుర్చీ నిండా నీరు నిలుచును.