తలుపు దగ్గర అడిగినవాడు

మళ్ళీ గోడకే ఆనించాడు హీరో, ప్రతి పుస్తకంలోనూ వీళ్ళకి ఒక గోడ ఎక్కడినుంచి దొరుకుతుందో, అమ్మాయి వీపుకి గోడ, అటు ఒక చెయ్యి ఇటు ఒక చెయ్యి, పోవడానికి సందు లేదు కాబట్టి దాని పేరు ప్రేమ, ఆ ముక్కని మా యూనియన్ కార్యదర్శి మైకులో చదువుతుంటే కూర్చుని వినాల్సిన గతి పట్టింది నాకు, పుస్తకాన్ని చచ్చిన ఎలుకని పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకున్నాడు గానీ చదివేటప్పుడు గొంతు మాత్రం బాగానే వణికిస్తున్నాడు, చూశారా, మన లాండ్రీ కార్మికుల గ్రంథాలయంలో మన అక్కచెల్లెళ్ళు చదువుతున్నది ఇదీ అంటున్నాడు, వెనక వరసలో బాయిలర్ దగ్గర పనిచేసే మగాళ్ళు అన్నా ఇంకో పేజీ, సగంలో ఆపితే ఎలా అని నవ్వుతున్నారు, పైన ఫ్యాను టకటకా కొట్టుకుంటోంది, మూల బీరువాలో కింది అర మొత్తం ఆ పుస్తకాలే, గులాబీ అట్టలు, ఊదా అట్టలు, చొక్కా గుండీలు పెట్టుకోవడం చేతకాని మగాళ్ళ బొమ్మలు, వాటన్నిటినీ ఇవాళ తీర్మానం చేసి తూకానికి అమ్మేస్తారట, ఆ అరలో ఎవరో వకీలుగారు దానమిచ్చిన చట్టాల పుస్తకాలు పెడతారట, తీర్మానాన్ని ఆడవాళ్ళ తరఫున బలపరచాల్సింది నేనట, ఎందుకంటే ఆ పుస్తకాల్ని నాకన్నా ఎక్కువ తిట్టినవాళ్ళు ఈ లాండ్రీలో లేరు, పొద్దున గేటు దగ్గరే పట్టుకున్నాడు, చెల్లెమ్మా, రోజూ ఇస్త్రీ బల్ల దగ్గర అనేదే సభలో రెండు ముక్కలు అను చాలు అని, పనికి ఆలస్యమవుతోంది, సరేలే అన్నా అనేసి లోపలికి పరిగెత్తాను.

తిట్టానా అంటే తిట్టాను, ఇప్పుడూ తిడతాను, ఎవడికి భయం, ఏం పుస్తకాలవి, హీరోకి ఒక కంపెనీ ఉంటుంది, ఆ కంపెనీ ఏం తయారుచేస్తుందో చివరి పేజీ దాకా తిరగేసినా తెలియదు, వాడు ఒక్కరోజు పనిచెయ్యడు, అద్దాల గదిలో నిలబడి కిటికీలోంచి ఊరిని చూస్తుంటాడు, దవడ బిగిస్తాడు, దవడ బిగించడమే వాడి ఉద్యోగం, ఆ అమ్మాయి ఎప్పుడు చూసినా కాఫీ ఒలకబోస్తుంది, ఎప్పుడు చూసినా కాలు జారుతుంది, అంత చదువుకున్న పిల్లకి చదునైన నేల మీద నడవడం రాదు, జారితే సరాసరి వాడి చేతుల్లోనే పడుతుంది, మేమూ జారతాం, సబ్బునీళ్ళ మీద, పడితే మోచిప్ప పగులుతుంది, పట్టుకునేవాడు ఎవడూ ఉండడు, ఆ తర్వాత హోటలు గది, తెల్ల దుప్పటి, దాని మీద ఎర్ర వైను పోస్తారు, గులాబీ రేకులు చల్లుతారు, నలిపేస్తారు, తెల్లారుతుంది, కర్టెన్ల సందులోంచి ఎండ పడుతుంది, అధ్యాయం అయిపోతుంది, ఆ దుప్పటి ఎటు పోయింది తల్లీ, రాసినదానివి నువ్వు చెప్పు, ఎవరు ఉతికారు, మా దగ్గరికి వస్తుంది అది, వైను మరక ఒక్క ఉతుకులో పోదు, గులాబీ రేకు నలిగి ఆరిందంటే గోధుమరంగు పట్టుకుని కూర్చుంటుంది, దాన్ని చూసి సూపర్‌వైజరు మా మీద అరుస్తాడు, మీ ప్రేమ మాకు అదనపు పని, అట్ట మీద సెగలు కక్కే ప్రేమకథ అని వేస్తారు, సెగ సంగతి మాకు చెప్తారా, నా ఎడమ ముంజేతి మీద ప్రెస్సు అంచు కాల్చిన మచ్చ ఉంది, ఏ హీరోయిన్‌కీ చేతి మీద మచ్చ ఉండదు, ఏ హీరోయిన్‌కీ నలభై దాటవు, నలభై దాటిన ఆడది ఆ పుస్తకాల్లోకి వస్తే హీరో తల్లిగా వస్తుంది, లేదా ఇల్లు అద్దెకిచ్చినావిడగా వస్తుంది, టీ ఇచ్చి పోతుంది, ఆవిడకి ఒళ్ళే ఉండదు, ఇదంతా ఒక ఎత్తు, ఆ వద్దు ఒక్కటీ ఒక ఎత్తు, ఆమె వద్దంటుంది, పెదాలు వద్దన్నాయి గానీ కళ్ళు రమ్మన్నాయి అని రాస్తారు, కళ్ళు ఏమీ అనవు, కళ్ళు చూస్తాయి, అంతే వాటి పని, అనడానికి నోరుంది, నోరు వద్దంటే వద్దనే.

నేనూ వద్దన్నాను, డ్రయ్యర్ల వెనక సందులో, అప్పుడు నా వీపు వెనకా గోడే ఉంది, తడి గోడ, సున్నం పెచ్చులు రవికెకి అంటుకున్నాయి, మా షిఫ్టు ఇన్‌చార్జి నా చెయ్యి పట్టుకున్నాడు, వాడి జేబులో పెన్నులు నాకు గుచ్చుకున్నాయి, వాడి మొహం కన్నా ఆ పెన్నులే గుర్తు, వదలమంటే ఊరికే అంటున్నావులే అన్నాడు, ఊరికే అంటున్నావులే, అచ్చం పుస్తకంలో మాట, వాడు చదివి నేర్చుకున్నాడో, రాసేవాళ్ళు వాణ్ణి చూసి రాశారో, తడి తువ్వాళ్ళ మూట వాడి మొహాన కొట్టి బయటపడ్డాను, పడి, ఎక్కడికొచ్చాను, ఈ హాలుకే, ఈ కార్యదర్శి దగ్గరికే, అంతా విని ఏమన్నాడు, చెల్లెమ్మా, జీతాల మీద చర్చలు నడుస్తున్నాయి, ఇప్పుడు దీన్ని పైకి తెస్తే యాజమాన్యం అసలుకే ఎసరు పెడుతుంది, కొంచెం సర్దుకో, వాడి షిఫ్టు మార్పిస్తాను అన్నాడు, వాడి షిఫ్టు మారలేదు, నాది మారింది, ఆ నోటితో ఇవాళ ఆడవాళ్ళ గౌరవం అంటున్నాడు, ఆడవాళ్ళ గౌరవానికి ఈ పుస్తకాలు గొడ్డలిపెట్టు అంటున్నాడు, పుస్తకాన్నయితే ధైర్యంగా మెడపట్టి గెంటుతున్నాడు, పుస్తకం ఎదురు తిరగదు, చర్చలు ఆపెయ్యదు, చప్పట్లు కొడుతున్నారు, కొట్టండి, నా చేతులు ఒళ్ళో ఉన్నాయి, కదలడం లేదు.

మరి ఎందుకు చదువుతావే అని మా ఆయన నవ్వేవాడు, అందులో ఏముందో చెప్తే నేనూ నేర్చుకుంటాగా అనేవాడు, నేర్చుకో అని చేతిలో పెడితే రెండు పేజీలు తిప్పి పుస్తకం మొహం మీద వేసుకుని నిద్రపోయాడు, గురక అట్ట కిందినుంచి, ఎందుకు చదువుతానంటే, ఒక పుస్తకంలో, పేరు గుర్తులేదు, మొదటి పేజీలు చిరిగిపోయాయి, ఆ పిల్ల అతని చెయ్యి పట్టుకుని, అక్కడ కాదు, ఇక్కడ, మెల్లగా, అంటుంది, అంతే, ఆ మాట చదివి పుస్తకం బోర్లించి ఊరికే కూర్చుండిపోయాను, అలా అనొచ్చా, అంటే ఏమీ కాదా, ఆ పిల్ల అంది, ఏమీ కాలేదు, తర్వాతి పేజీలో అన్నం తింటోంది, ఈ బీరువా పై అరల్లోని పోరాటాల పుస్తకాలన్నీ చదివాను నేను, బడి మొహం చూడనిదాన్ని, గోడల మీది నినాదాలు కూడబలుక్కుని అక్షరాలు నేర్చుకున్నదాన్ని, కూలి కావాలని ఉంది ఆ అరల్లో, పనిగంటలు తగ్గాలని ఉంది, ఇల్లు కావాలని ఉంది, అన్నిటికీ గొంతు చించుకున్నాను, జెండా మోశాను, లాఠీ దెబ్బలు తిన్నాను, ఆడదానికి ఇది కూడా కావాలని, ఇలా కావాలని నోటితో చెప్పొచ్చని ఆ పై అరల్లో ఎక్కడా లేదు, కింది అరలోనే ఉంది, అంత చెత్తలో, ఒకే ఒక్క ముక్క, అందుకే ఒళ్ళు మండుతుంది, అంత దూరం వచ్చి మళ్ళీ గోడ దగ్గరికే పోతారేంటి అని.

ఎవరో లేచారు, వదిన, వదిన లేచిందేంటి, సభలో ఎప్పుడూ నోరు విప్పనిది, మా అన్న భార్య కాదు తను, దుప్పట్లు మడతేసే జత, పెద్ద దుప్పటి ఒక్కళ్ళ వల్ల కాదు, చెరో అంచూ పట్టుకుని దూరంగా నిలబడి దులపాలి, నడిచొచ్చి అంచుకి అంచు కలపాలి, మళ్ళీ వెనక్కి, మళ్ళీ దగ్గరికి, మిషన్ల హోరులో దూరంగా ఉంటే మాట వినపడదు, మొహాలు దగ్గరికొచ్చినప్పుడే వినపడుతుంది, వదినకి చదవడం రాదు, నేర్పుతానంటే నాకెందుకే నువ్వున్నావుగా అంటుంది, అందుకని ఆ కింది అరంతా దుప్పట్ల మీదే చెప్పాను, దగ్గరికొచ్చినప్పుడల్లా ఒక ముక్క, ఉన్నది ఉన్నట్టు చెప్పలేదు, ఎలా చెప్తాను, గొడుగు బొమ్మ అట్ట పుస్తకంలో వాడు తలుపు తన్నే చోటికి వచ్చాను, వదిన మొహం నాకు జానెడు దూరంలో ఉంది, పై పెదవి మీద చెమట, తర్వాతేంటి అని చూస్తోంది, తన్నాడు అని చెప్పడానికి నాకు నోరు రాలేదు, తలుపు దగ్గర ఆగాడు వదినా అన్నాను, వెనక్కి నడిచాం, దులిపాం, దగ్గరికొచ్చాం, ఆగి ఏం చేశాడు అంది వదిన, లోపలికి రానా అని అడిగాడు అన్నాను, వెనక్కి, దగ్గరికి, ఆమె ఏమంది, ఏమీ అనలేదు, అయితే, అయితే ఏముంది, వెళ్ళిపోయాడు, వెళ్ళిపోయాడా అని వదిన దుప్పటి వదిలేసింది, నేల మీద పడింది, మళ్ళీ ఉతుక్కి పంపాల్సొచ్చింది, మర్నాడు వచ్చి మళ్ళీ అడిగాడు, అప్పుడు ఆమే తలుపు తీసింది అని కథ ముగించాను, వదిన దిండు గలీబులు ఎత్తుతూ, మా ఆయన మంచోడేనే, కొట్టడు, తాగడు, బస్సులో పక్క సీటు ఖాళీయేనా అని పరాయివాణ్ణి అడిగి కూర్చుంటాడు, నన్ను ఒక్కసారి అడగలేదే, అంది.

ఇప్పుడు నిలబడింది, ముందు కుర్చీ వీపు గట్టిగా పట్టుకుని, అన్నా, ఆ పుస్తకాలు మీరన్నట్టు లేవు అంటోంది, వద్దు వదినా, కూర్చో అని లోపలే అనుకుంటున్నాను, తను ఆగడం లేదు, మీరు చదివింది ఏదో పాడు పుస్తకం అయ్యుంటుంది, గొడుగు బొమ్మ ఉంటుంది చూడండి, అది చదవండి, అందులో అతను తలుపు దగ్గర నిలబడి అడుగుతాడు, రానా అని అడిగి, ఆమె పలక్కపోతే వెళ్ళిపోతాడు, అది చెడ్డ పుస్తకం ఎలా అవుతుందన్నా, ఇక్కడున్న మగాళ్ళందరికీ మైకులో చదివి వినిపించండి, మంచిదే అంటోంది, కూర్చో వదినా, గ్రంథాలయం చూసే మాస్టారు బీరువా దగ్గరికి వెళ్ళాడు, వంగాడు, గొడుగు బొమ్మ దొరికింది, కార్యదర్శి పేజీలు తిప్పుతున్నాడు, ఆ పేజీ వెతకనక్కర్లేదు, అందరూ తెరిచి తెరిచి పుస్తకం దానంతటదే అక్కడ విచ్చుకుంటుంది, బూటుకాలితో తలుపు తన్నాడు అని చదివాడు, గొళ్ళెం ఊడి పడింది, వద్దు అందామె, ఆ ఒక్క వద్దులో అతనికి వెయ్యి ఆహ్వానాలు వినిపించాయి, అని ఆపి, వదిన వైపు చూశాడు, వెనకనుంచి ఎవడో, అడిగాడు కదమ్మా, గొళ్ళెం ఊడేదాకా అడిగాడు పాపం అన్నాడు, హాలంతా గొల్లుమంది, ఇది కాదు, వేరేది అంటోంది వదిన, గొడుగు బొమ్మది ఇదొక్కటేనమ్మా అన్నాడు మాస్టారు, ఆయన నవ్వలేదు, అదొకటి నయం, కార్యదర్శి మళ్ళీ మైకు అందుకున్నాడు, పాపం అమాయకురాలు, ఏం చదువుతున్నారో కూడా తెలియకుండా పాడైపోతున్నారు, అందుకే ఈ తీర్మానం, దీన్ని బలపరుస్తూ మన చెల్లెమ్మ మాట్లాడుతుంది అన్నాడు.

లేచాను, కాళ్ళు లేపాయి, నన్ను చూసి నవ్వినా పోయేది, తనని చూసి నవ్వారు, ఇంత చెత్త రాసినందుకు ఆ రాసినావిడని చెవి మెలిపెట్టి ఇక్కడికి ఈడ్చుకురావాలి, తన్నేవాణ్ణి తప్ప ఇంకో మగాణ్ణి ఊహించలేకపోయావా, లాండ్రీలో దుప్పటి అంచు పట్టుకుని నేను ఊహించానే, నీకు బల్లుంది, కుర్చీ ఉంది, దీపం ఉంది, తగలబెట్టండి అంతా అనాలి, అంటాను, అనడానికే కదా పిలిచారు, వదిన కూర్చుంది, తన వరస దాటే పోవాలి, తల వంచుకుని పోదామనుకున్నాను, చెయ్యి చాపి దారికి అడ్డం పెట్టింది, మెల్లగా, అయితే తలుపు దగ్గర అడిగింది నువ్వటే, అంది, కళ్ళు నా మీదే ఉన్నాయి, కళ్ళు ఏమీ అనవు, అందుకని అడిగాను, కోపమొచ్చిందా వదినా అని, ముక్కు ఎగబీల్చింది, కోపం తర్వాత, ముందు వెళ్ళి ఆ అర ఉండేట్టు చూడు, అది పోతే రేపు దుప్పట్ల దగ్గర ఏం దిద్ది చెప్తావు నాకు, నీ యూనియన్ చట్టాలా, అంది, చెయ్యి తీసేసింది.

మైకు దాకా ఉన్న కాస్త దూరంలో నడుస్తున్నాను, బీరువా తలుపు తెరిచే ఉంది, పై అరలు, కింది అర, పై అరల్లో అన్నీ ఉన్నాయి, ఫ్యాక్టరీ గేటు ఉంది, జైలు గేటు ఉంది, మా గది తలుపు మాత్రం లేదు, ఎవరూ రాయలేదు, అది రాయదగిన తలుపని ఎవరికీ తోచలేదు, ఆ తలుపు ఉన్నది ఈ కింది అరలోనే, బూటుకాలి దెబ్బ తిన్నా, గొళ్ళెం ఊడినా, తలుపంటూ ఒకటి ఉంది, ఉంది కాబట్టే వదిన దాని ముందు ఒక మనిషిని నిలబెట్టుకోగలిగింది, నేను వాడి చేత అడిగించగలిగాను, తలుపే తీసి తూకానికి అమ్మేస్తే ఇంక ఎవణ్ణి ఎక్కడ ఆగమంటాం, తిట్టుకోవడానికైనా, దిద్దుకోవడానికైనా అది మాది, మేమే తేల్చుకుంటాం, మైకు పిడి చెమటగా ఉంది, కార్యదర్శి చెయ్యి తడి, చీరకొంగుతో తుడిచాను, ఈ పుస్తకాలు పరమ చెత్త అన్నాను, కార్యదర్శి చప్పట్లకి చేతులు ఎత్తాడు, ఒక్కటి కూడా బయటికి పోవడానికి వీల్లేదు అన్నాను.